జార్జ్ కోయ్‌మాన్స్: ఒకే బృందంలో అరవై ఏళ్ళ పాట

‘రాడార్ లవ్’ పాట తెలిసినవారు లోకమంతా ఉన్నారు. రాత్రిపూట కారు నడిపేటప్పుడు వినే పాటల జాబితా ఏ దేశంలో తయారైనా అది అందులో చేరుతుంది. దాన్ని రాసిన ఇద్దరిలో ఒకరైన జార్జ్ కోయ్‌మాన్స్ పేరు మాత్రం నెదర్లాండ్స్ సరిహద్దు దాటితే చాలామందికి తెలియదు. 1948 మార్చి 11న హేగ్ నగరంలో పుట్టి, 2025 జులైలో 77 ఏళ్ళ వయసులో కన్నుమూసిన ఈ గిటారిస్టు, గాయకుడు, పాటల రచయిత తన జీవితంలో దాదాపు అరవై ఏళ్ళు ఒకే బృందంలో గడిపాడు. ఆ బృందమే గోల్డెన్ ఇయరింగ్.

రాక్ సంగీత చరిత్రను రాసేటప్పుడు ప్రతిభావంతుడైన రచయిత ఒక దశలో బృందాన్ని విడిచి ఒంటరిగా ఎదిగిన కథకే ఎక్కువ చోటు దొరుకుతుంది. కోయ్‌మాన్స్ ఆ దారిలో నడవలేదు. పక్కన ఉన్న ముగ్గురు ఏమి వాయించగలరో, ఎలా పాడగలరో దాన్నిబట్టే ఆయన పాటలు కట్టాడు. ఆయన రికార్డులను వరుసగా వింటే ఇది స్పష్టంగా వినిపిస్తుంది. బృందం వేదిక మీద కలిసి వాయించే తీరు పాటలోకి వచ్చినప్పుడల్లా అవి నిలిచాయి, అది పలచబడినప్పుడల్లా తడబడ్డాయి.

హేగ్ వీధుల్లోని గిటార్లు

హేగ్ రాజకుటుంబం, పార్లమెంటు, రాయబార కార్యాలయాలు ఉన్న నగరం. 1960లలో అదే ఊరు డచ్ రాక్‌కు రాజధాని అయింది. షాకింగ్ బ్లూ, ద మోషన్స్, క్యూ65, ఎర్త్ అండ్ ఫైర్ వంటి బృందాలన్నీ హేగ్, దాని చుట్టుపక్కల నుంచే వచ్చాయి. దీని వెనుక వలసల చరిత్ర ఉంది. డచ్ పాలన నుంచి ఇండోనేషియా స్వాతంత్ర్యం పొందాక అక్కడి మిశ్రమ సంతతి కుటుంబాలు వేలాదిగా నెదర్లాండ్స్‌కు తరలివచ్చాయి. వాటిలో చాలా కుటుంబాలు హేగ్‌లో స్థిరపడ్డాయి. ఆ యువకులు గిటార్లు పట్టి మొదలుపెట్టిన సంగీతాన్ని అక్కడ ఇండో-రాక్ అంటారు. టీల్మన్ బ్రదర్స్ అనే అన్నదమ్ముల బృందం గిటార్‌ను తల వెనక పెట్టుకుని, పళ్ళతో మీటుతూ 1950ల చివరలోనే ఐరోపా వేదికలను ఉర్రూతలూగించింది. బ్రిటిష్ బృందాల గాలి వీచకముందే ఆ నగరపు పిల్లల చెవుల్లో ఎలక్ట్రిక్ గిటార్ మోగుతోంది.

1961లో 13 ఏళ్ళ కోయ్‌మాన్స్, పొరుగింటి కుర్రాడు రీనస్ గెరిట్సెన్ కలిసి ద టోర్నడోస్ పేరుతో బృందం కట్టారు. గెరిట్సెన్ అప్పటికి కోయ్‌మాన్స్ కన్నా ఏడాదిన్నర పెద్ద. ఇంగ్లండులో అదే పేరున్న మరో బృందం పెద్ద విజయం సాధించడంతో వీళ్ళు పేరు మార్చుకోవలసి వచ్చింది. తాము వేదికల మీద వాయించే ఒక పాత పాట పేరునే తీసుకుని గోల్డెన్ ఇయరింగ్స్ అయ్యారు. చివరి ‘స్’ తర్వాత 1960ల ఆఖరులో రాలిపోయింది.

వాళ్ళ తొలి సింగిల్, అంటే ఒక్క పాటగా విడిగా వచ్చిన రికార్డు, ‘ప్లీజ్ గో’ 1965లో వచ్చి డచ్ హిట్ పాటల పట్టికలో తొలి పదిలో చేరింది. ఆ ఏడాదే నెదర్లాండ్స్‌లో టాప్ 40 పట్టిక మొదలైంది. ఉత్తర సముద్రంలో లంగరేసిన ఓడ నుంచి ప్రసారమయ్యే రేడియో వెరోనికా దాన్ని ప్రకటించేది. ప్రభుత్వ రేడియో పట్టించుకోని యువతరం సంగీతానికి ఆ ఓడ దారి తెరిచింది. పాట బాగుంటే చిన్న దేశమంతా వారం రోజుల్లో వినగలిగేది. కోటి ఇరవై లక్షల జనాభా, ఏ ఊరికైనా కొన్ని గంటల్లో చేరగల రోడ్లు ఉన్న దేశమది. రాత్రి కచేరి చేసి తెల్లవారేలోపు సొంత మంచం మీద పడుకోవచ్చు. పర్యటనలకే బృందాలు కూలిపోయే పెద్ద దేశాల్లో లేని సౌకర్యమిది. ఒక బృందం అరవై ఏళ్ళు నిలవడంలో స్నేహానికి ఎంత పాత్ర ఉందో ఈ భౌగోళిక స్థితికీ అంత పాత్ర ఉంది.

1966లో లండన్‌లో రికార్డు చేసిన ‘దట్ డే’ రెండో స్థానం దాకా వెళ్ళింది, బీటిల్స్ పాట అడ్డుపడి మొదటి స్థానం దక్కలేదు. 1968లో వచ్చిన ‘డాంగ్-డాంగ్-డి-కి-డి-గి-డాంగ్’ ఆ స్థానాన్ని తెచ్చిపెట్టింది. పిల్లలు కూడా పాడుకునే తేలిక పాట అది. కోయ్‌మాన్స్ బాణీ కట్టడంలో నేర్పరి అని అది చాటింది, అంతకుమించి చెప్పిందేమీ లేదు. అదే ఏడాది వచ్చిన ‘జస్ట్ ఎ లిటిల్ బిట్ ఆఫ్ పీస్ ఇన్ మై హార్ట్’ ఎక్కువ విలువైనది. ప్రేమ ముగిసిన వేదనను వాద్యబృందంతో మెల్లగా పెంచుకుంటూ పోయే పాట అది. ఇరవై ఏళ్ళు నిండిన కుర్రాడు కట్టాడంటే ఆశ్చర్యం కలుగుతుంది.

నలుగురు కుదిరాక

1967లో బృందంలోకి కొత్త గాయకుడు వచ్చాడు. అతని పేరు బ్యారీ హే. అతను పుట్టింది మన దేశంలోనే, 1948లో ఉత్తరప్రదేశ్‌లోని ఫైజాబాద్‌లో. తండ్రి స్కాట్లండ్‌కు చెందిన సైనికాధికారి, తల్లి డచ్ మహిళ. చిన్ననాడే తల్లితో నెదర్లాండ్స్ చేరిన హేకి ఇంగ్లిష్ సహజంగా అబ్బింది. అప్పటిదాకా వినికిడితో నేర్చిన ఇంగ్లిష్‌లో పాటలు రాసుకుంటున్న బృందానికి ఇది పెద్ద మార్పు. కోయ్‌మాన్స్ బాణీ, హే మాటలు అనే జోడీ ఇక్కడి నుంచి బలపడింది. హేది బరువైన, కొంచెం గరుకైన గొంతు. కోయ్‌మాన్స్‌ది పైస్థాయిలో సన్నగా, పదునుగా సాగే గొంతు. ఒకే పాటలో ఈ రెండూ ఎదురెదురుగా నిలిచినప్పుడు పుట్టే ఒత్తిడి ఆ బృందానికి గుర్తుగా మారింది.

తెలుగు సినిమా పాటకు అలవాటుపడిన శ్రోతకు రాసేవారు, బాణీ కట్టేవారు, పాడేవారు వేర్వేరు. రాక్ బృందంలో ఈ గీతలు చెరిగిపోతాయి. రికార్డు మీద రచయితలుగా ఇద్దరి పేర్లే ఉన్నా, డ్రమ్స్ వాయించేవాడు ఒక దెబ్బను ఆలస్యం చేయడం వల్లే చరణానికి ప్రాణం రావచ్చు. కోయ్‌మాన్స్ పాటలను కాగితం మీది స్వరాలుగా చూస్తే సగమే దొరకడానికి ఇదే కారణం.

డ్రమ్మర్ యాప్ ఎగర్‌మాంట్ 1969లో వెళ్ళిపోయి నిర్మాత అయ్యాడు. 1981లో అమెరికా పట్టికలో మొదటి స్థానానికి చేరిన ‘స్టార్స్ ఆన్ 45’ పాటల గుచ్ఛం అతని తయారీయే. 1970లో సేజర్ జౌడర్‌వైక్ వచ్చి డ్రమ్స్ ముందు కూర్చున్నాడు. కోయ్‌మాన్స్, గెరిట్సెన్, హే, జౌడర్‌వైక్ అనే ఈ నలుగురు ఆ తర్వాత 2021 దాకా విడిపోలేదు. మధ్యలో కీబోర్డ్ వాద్యకారుడు రాబర్ట్ యాన్ స్టిప్స్, మరో గిటారిస్టు ఎల్కో గెలింగ్ వచ్చి వెళ్ళారు, నలుగురు మాత్రం కదలలేదు.

నలుగురు కుదరకముందే ఒక ముఖ్యమైన మలుపు వచ్చింది. 1969లో ‘ఎయిట్ మైల్స్ హై’ ఆల్బమ్‌లో, అమెరికన్ బృందం ద బర్డ్స్ పాడిన పాటను తీసుకుని దాదాపు 19 నిమిషాల పాటు సాగదీశారు. అదే ఏడాది అమెరికా పర్యటనకూ వెళ్ళారు. మూడు నిమిషాల సింగిళ్ళు చేసే కుర్రాళ్ళు అక్కడి నుంచి వేరే మనుషులుగా తిరిగొచ్చారు. వేదిక మీద ఒక లయను పట్టుకుని వినేవారి ఓపికను అంచనా వేస్తూ, ఎక్కడ తగ్గించాలో ఎక్కడ పెంచాలో నేర్చుకున్నారు. ఆ 19 నిమిషాలు ఈనాడు మొత్తంగా వినడానికి కష్టంగానే ఉంటాయి. బేస్, డ్రమ్స్ సోలోలలో కొంత భాగం ఆ కాలపు మోజు తప్ప మరేమీ కాదు. అయినా ఆ సాధన లేకపోతే నాలుగేళ్ళ తర్వాతి పాట పుట్టేది కాదు.

ఆరు నిమిషాల ప్రయాణం

‘రాడార్ లవ్’ 1973లో విడుదలైంది. అదే ఏడాది వచ్చిన ‘మూన్‌టాన్’ ఆల్బమ్‌లో అది ఆరు నిమిషాలకు పైగా ఉంటుంది. కథ చిన్నది. ఒక మనిషి రాత్రంతా కారు నడుపుతున్నాడు. దూరాన ఉన్న ప్రియురాలు రమ్మని పిలుస్తోందని ఫోనూ ఉత్తరమూ లేకుండానే అతనికి తెలుస్తోంది. రేడియోలో ఒక పాత పాట వస్తుంది, అతను వేగం పెంచుతాడు, చివరకు ప్రమాదం జరుగుతుంది. ఆ తర్వాత కూడా ఆ పిలుపు ఆగదు.

సంగీతం ఈ కథను ఎలా మోస్తుందన్నది జాగ్రత్తగా వినాలి. గిటార్ ఆరంభం తర్వాత చరణంలో కోయ్‌మాన్స్ దాదాపు తప్పుకుంటాడు. బేస్, డ్రమ్స్ మాత్రమే పరుగెత్తుతుంటాయి, వాటి మీద హే గొంతు పొడిపొడిగా, అలసిన డ్రైవరు తనలో తాను మాట్లాడుకున్నట్టు వస్తుంది. పాటను కట్టిన గిటారిస్టు తన వాద్యాన్నే పక్కన పెట్టి ఖాళీ వదలడం ఇక్కడి అసలు పనితనం. ఆ ఖాళీయే చీకటి రోడ్డు. పల్లవి దగ్గర గిటార్ విరుచుకుపడినప్పుడు వినేవారికి ఊపిరి అందినట్టుంటుంది. నడుమ వాద్యభాగంలో బ్రాస్ వాద్యాలు గిటార్‌కు సవాలు విసిరినట్టు దూసుకొస్తాయి, డ్రమ్స్ ఒంటరిగా మోగి మళ్ళీ అందరినీ చరణంలోకి తోస్తాయి. ‘ఎయిట్ మైల్స్ హై’లో పావుగంట పట్టిన ఎత్తుపల్లాలు ఇక్కడ రెండు నిమిషాల్లో ఇమిడిపోయాయి. సాగదీయడం నేర్చినవారికే ఎంత కుదించాలో తెలుస్తుందనడానికి ఈ పాటకన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

ఈ పాట నెదర్లాండ్స్‌లో మొదటి స్థానానికి, బ్రిటన్‌లో 7వ స్థానానికి, 1974లో అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 13వ స్థానానికి చేరింది. ‘మూన్‌టాన్’ అమెరికాలో గోల్డ్ రికార్డు అయింది. దీని వెనుక ప్రసిద్ధ బ్రిటిష్ రాక్ బృందం ద హూ తోడ్పాటు ఉంది. 1972లో ఆ బృందంతో కలిసి ఐరోపాలో పర్యటించిన తర్వాత, దాని మేనేజర్లు నడిపే ట్రాక్ రికార్డ్స్ సంస్థ వీళ్ళ రికార్డులను బ్రిటన్‌లో విడుదల చేసింది. అమెరికా పర్యటనలో కిస్, ఏరోస్మిత్ వంటి బృందాలు వీళ్ళకన్నా ముందు వేదిక ఎక్కి వాయించేవి. తర్వాతి రోజుల్లో ఆ రెండూ ప్రపంచ ప్రసిద్ధ బృందాలయ్యాయని తెలిసినవారికి ఈ మాట వింతగా తోస్తుంది.

‘మూన్‌టాన్’లో మిగతా పాటలకు దక్కాల్సిన గుర్తింపు దక్కలేదు. ‘క్యాండీస్ గోయింగ్ బ్యాడ్’ మొదట బరువైన రాక్‌గా ఉరికి, సగంలో దారి మార్చుకుని నెమ్మదైన వాద్యసంగీతంలోకి దిగుతుంది. చివరి పాట ‘వెనిలా క్వీన్’ సింథసైజర్ లయతో మొదలై, వాద్యబృందంతో పూర్తిగా వేరే లోకానికి పోతుంది. ఒకే పాట వల్ల ఆల్బమ్ ప్రసిద్ధమైతే జరిగే అన్యాయం దీనికీ జరిగింది.

అమెరికా ఎందుకు నిలవలేదు

1969 నుంచి 1984 వరకు గోల్డెన్ ఇయరింగ్ అమెరికాలో 13 పర్యటనలు చేసింది. అయినా అక్కడి తొలి ఇరవై పాటల్లోకి మళ్ళీ రావడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. దీనికి దురదృష్టం అనే వివరణ తరచుగా వినిపిస్తుంది. రికార్డులు వేరే సంగతి చెబుతాయి. అమెరికా రేడియో మరో రహదారి పాట కోసం ఎదురుచూస్తున్న వేళ, 1975లో వీళ్ళు ‘స్విచ్’ అనే ఆల్బమ్ తెచ్చారు. స్టిప్స్ కీబోర్డులతో, మెలికలు తిరిగే నిర్మాణంతో సాగే ఆల్బమ్ అది. అది చెడ్డ రికార్డు కాదు, ఆలోచన ఉన్న రికార్డు. కానీ ‘రాడార్ లవ్’లో పాటను నడిపించిన ఆ ఖాళీ ఇందులో నిండిపోయింది. 1976 నాటి ‘టు ది హిల్ట్’లో ఈ నిండుదనం ఇంకా పెరిగింది. 1978లో అమెరికన్ నిర్మాత జిమ్మీ అయోవీన్‌తో చేసిన ‘గ్రాబ్ ఇట్ ఫర్ ఎ సెకండ్’ మరో దిక్కుకు పోయి అమెరికన్ బృందాల ధ్వనిని అందుకోవాలని చూసింది. అక్కడ ఆ ధ్వని చేసేవారు అప్పటికే వందలమంది ఉన్నారు.

నలుగురూ ఇల్లు విడిచి అమెరికాలో స్థిరపడటానికి ఇష్టపడకపోవడం మరో కారణం. వ్యాపారపరంగా అది నష్టం. ఆ నష్టమే వాళ్ళను కలిపి ఉంచింది. మరో ఖండంలో ఏళ్ళ తరబడి హోటళ్ళలో బతికిన ఆనాటి బృందాలు ఎన్ని మిగిలాయో చూస్తే వాళ్ళ నిర్ణయం తప్పని చెప్పలేం. స్వదేశంలో మాత్రం ఏ ఏడాదీ ఖాళీగా పోలేదు. 1979లో ‘వీకెండ్ లవ్’ వంటి పాటలు వాళ్ళ స్థానాన్ని కాపాడాయి. మొత్తం మీద డచ్ పట్టికలో దాదాపు 30 పాటలు తొలి పదిలో చేరాయి, ఐదు మొదటి స్థానం అందుకున్నాయి. రెండు పాటల బృందమన్న అమెరికా అంచనా హేగ్ నుంచి చూస్తే అర్థం లేనిది.

గూఢచారి నవల నుంచి ఒక పాట

1980ల మొదట్లో బృందం విడిపోయే దాకా వెళ్ళింది. ఆ సమయంలో 1982 నాటి ‘కట్’ ఆల్బమ్, అందులోని ‘ట్విలైట్ జోన్’ వాళ్ళను నిలబెట్టాయి. ఈ పాటకు రచయిత కోయ్‌మాన్స్ ఒక్కడే. రాబర్ట్ లడ్లమ్ గూఢచారి నవల చదివిన ప్రభావంతో రాశాడు. తనను వాడుకున్నవారే తనను వేటాడుతున్నారని గ్రహించిన ఏజెంటు మనసు పాటలో కనిపిస్తుంది.

నిర్మాణం చూస్తే ‘రాడార్ లవ్’ నేర్పిన పాఠం ఇక్కడ మళ్ళీ వినిపిస్తుంది. బేస్ గిటార్ ఒకే మెలికను వదలకుండా తిప్పుతూ ఉంటుంది, గిటార్ సన్నని పోట్లలా వచ్చి తప్పుకుంటుంది. ఆల్బమ్‌లో ఎనిమిది నిమిషాలకు చేరువగా సాగే పాట మధ్యలో గొంతులు ఆగిపోతాయి, లయ ఒంటరిగా నడుస్తుంది, భయం నెమ్మదిగా కూడుకుంటుంది. స్టిప్స్ కాలపు కీబోర్డుల దట్టదనం పూర్తిగా తొలగిపోయింది. నిర్మాత షెల్ షెలెకెన్స్ ధ్వనిని ఎంత శుభ్రంగా ఉంచాడంటే ఇన్నేళ్ళ తర్వాతా అది పాతబడినట్టు తోచదు.

పాటకు వీడియో తీసిన డిక్ మాస్ అప్పటికి యువ దర్శకుడు, తర్వాత డచ్ సినిమాలో పెద్ద పేరు తెచ్చుకున్నాడు. చిన్న థ్రిల్లర్ సినిమాలా తీసిన ఆ వీడియోను అప్పుడే మొదలైన ఎంటీవీ విరివిగా చూపింది. 1983లో పాట అమెరికాలో 10వ స్థానానికి, అక్కడి రాక్ రేడియో పట్టికలో మొదటి స్థానానికి చేరింది. 1984లో అదే దర్శకుడితో తీసిన ‘వెన్ ది లేడీ స్మైల్స్’ వీడియో కథ వేరుగా ముగిసింది. రైలులో సన్యాసిని మీద దాడి చేసినట్టున్న దృశ్యం వల్ల అమెరికాలో అభ్యంతరాలు వచ్చి పాటకు దారి మూసుకుపోయింది. స్వదేశంలో మాత్రం మొదటి స్థానం దక్కింది. పాటగా చూస్తే అది కోయ్‌మాన్స్ కట్టిన పల్లవుల్లో అత్యంత బలమైనది. ఆ దృశ్యం పాటకు అవసరం లేదు, అది పాటకు చేసిన నష్టమే ఎక్కువ.

ఇతరుల కోసం, తన కోసం

బృందం బయట ఆయన చేసిన పని రెండు రకాలు. ఇతరులకు ఇచ్చినవి ఒక రకం. హేగ్ ప్రాంతపు యువ బృందం ఎర్త్ అండ్ ఫైర్‌కు ఆయన రాసి ఇచ్చిన ‘సీజన్స్’ ఆ బృందానికి తొలి విజయం. పాతికేళ్ళ తర్వాత హేగ్ గాయని అనూక్ తొలి సింగిల్ ‘మూడ్ ఇండిగో’ను హేతో కలిసి రాశాడు. మరుసటి ఏడాది ఆమె తన సొంత పాటలతో దేశంలోనే పెద్ద రాక్ గాయని అయింది. కొత్తవారికి మొదటి మెట్టు వేసి పక్కకు జరగడం ఆయన స్వభావంలోనే ఉంది.

సొంత పేరుతో చేసిన ఆల్బమ్‌లు రెండో రకం. 1971 నాటి ‘యోయో’, 1987 నాటి ‘సోలో’ రెండూ నేర్పు ఉన్న రికార్డులే. వాటిలో లోటల్లా ఎదురు నిలిచే గొంతు. హే గరుకుదనం పక్కన లేనప్పుడు కోయ్‌మాన్స్ పైస్థాయి గొంతు మెత్తగా, అందంగా వినిపిస్తుంది, కానీ గుచ్చదు. 2010లో అమెరికన్ సంగీతకారుడు ఫ్రాంక్ కరిలోతో కలిసి చేసిన ‘ఆన్ లొకేషన్’ వీటికన్నా మేలు. అక్కడ మళ్ళీ ఆయనకు ఒక జోడు దొరికింది.

1991లో వచ్చిన ‘గోయింగ్ టు ది రన్’ మరో అనుకోని చోటికి చేరింది. చనిపోయిన మోటార్‌సైకిల్ స్నేహితుడిని తలచుకుంటూ చేసిన ఆ పాటను రష్యన్ హెవీ మెటల్ బృందం అరియా తమ భాషలో పాడింది. రష్యాలో అది ఇంటింటి పాట అయింది. అక్కడి శ్రోతల్లో చాలామందికి మూలం హేగ్‌లో ఉందని తెలియకపోవచ్చు.

1992లో వచ్చిన ‘ద నేకెడ్ ట్రూత్’లో నలుగురూ ఎలక్ట్రిక్ వాద్యాలు వదిలి అకూస్టిక్ గిటార్లతో పాత పాటలను వాయించారు. అది వాళ్ళ అత్యధికంగా అమ్ముడైన ఆల్బమ్‌లలో ఒకటైంది. 1969లో కోయ్‌మాన్స్ రాసిన ‘అనదర్ 45 మైల్స్’ అందులో కొత్త జీవం పోసుకుంది. ఇంటికి చేరడానికి ఇంకా మిగిలిన దూరాన్ని లెక్కపెట్టుకునే మనిషి పాట అది. ఇరవై దాటిన వయసులో రాసినది నలభై నాలుగేళ్ళ వయసులో వాయించినప్పుడు బరువు పెరిగింది. శబ్దం, వెలుగులు తీసేసినా నిలిచే పాటలు ఆయన దగ్గర ఎన్ని ఉన్నాయో ఈ ఆల్బమ్ చూపింది.

2016లో ఆయన బృందం బయట మరో అడుగు వేశాడు. డచ్ భాషలో పాటకు పెద్ద దిక్కైన బౌడవైన్ ద హ్రోట్, డూ మార్ బృందపు హెన్నీ వ్రీంటెన్‌లతో కలిసి ‘వ్రేమ్‌డ కోస్ట్‌హాంగర్స్’ అనే ముగ్గురి బృందం కట్టాడు. 2017లో వాళ్ళ ఆల్బమ్‌లు వచ్చాయి. జీవితమంతా ఇంగ్లిష్‌లో పాడిన మనిషి దాదాపు డెబ్బై ఏళ్ళ వయసులో మాతృభాషలో గొంతు విప్పాడు. ముసలితనం, పోయిన స్నేహితులు, మిగిలిన సరదా గురించి ముగ్గురు పెద్దవాళ్ళు కలిసి పాడుకున్నట్టున్న ఆ పాటల్లో ఆయన గొంతు ముందెన్నడూ లేనంత దగ్గరగా వినిపిస్తుంది.

గోల్డెన్ ఇయరింగ్ చివరి కచేరి 2019 నవంబర్ 16న రాటర్‌డామ్‌లోని అహోయ్ ప్రాంగణంలో జరిగింది. అదే చివరిదని ఆ రాత్రి ఎవరూ అనుకోలేదు. 2021 ఫిబ్రవరిలో కోయ్‌మాన్స్‌కు ఏఎల్ఎస్ అనే నాడీ సంబంధ వ్యాధి ఉన్నట్టు ప్రకటించారు. చేతులను, కండరాలను క్రమంగా హరించే ఆ వ్యాధి గిటారిస్టుకు రావడం ఎంత క్రూరమో వేరే చెప్పనక్కరలేదు. మిగిలిన ముగ్గురి ముందు మరో గిటారిస్టును తెచ్చుకునే దారి ఉంది. ప్రపంచంలో ఎన్నో బృందాలు ఆ పనే చేశాయి. వాళ్ళు బృందాన్నే ముగించారు.

కొత్తగా వినేవారు ‘మూన్‌టాన్’తో మొదలుపెట్టి, దాన్ని మొదటి పాట దగ్గర ఆపకుండా చివరిదాకా వినడం మంచిది. తర్వాత 1977 నాటి ‘లైవ్’ వింటే స్టూడియోలో కుదించినవాటిని వేదిక మీద ఎలా విప్పేవారో తెలుస్తుంది. ‘కట్’, ‘ద నేకెడ్ ట్రూత్’ ఆ వెంట రావాలి. ‘స్విచ్’ను చివరకు అట్టిపెట్టుకోవచ్చు. మిగతావి విన్నాక అది మొదటిసారి కన్నా బాగుంటుంది.